కప్పతల్లి వెంట ధర్మసాగరం దాకా

ఓరుగల్లు చూచి వచ్చానని తెలియగానే మా ఊరివారు అడిగిన మొదటి ప్రశ్న కోటను గురించి, రెండవది వేయి స్తంభాల గుడిని గురించి. రెండూ చూచాను. వాటిని గురించి నాకంటె తెలిసినవారు నాకంటె బాగా వ్రాశారు గనుక ఆ రాళ్ళ జోలికి పోను. నేనక్కడ గడపిన కాలంలో హెచ్చు భాగం కప్పల దగ్గర గడచింది. జీవితమంతా ప్రబంధాలు పాఠం చెప్పిన ముసలివాడు రైలెక్కి పోయి చూడవలసినవి కప్పలా అని నవ్వేవారు నవ్వవచ్చును. నేను సైతం బయలుదేరేటప్పుడు అట్లా అనుకోలేదు.

కాజీపేటలో దిగినప్పుడు

ఆరుద్ర కార్తె ప్రవేశించి కూడ కాజీపేట స్టేషనులో నేల పెనంలాగ కాలుతున్నది. మా కృష్ణా డెల్టాలో ఆ రోజులకు కాలువలు వదలుతారు. నారుమడుల పచ్చదనం చూస్తూ రైలెక్కినవాణ్ణి. ఖమ్మం దాటిన తరువాత కిటికీలో కనిపించినదంతా దున్ని పెట్టిన ఎఱ్ఱనేల, నల్లని గుండ్లు, ఎక్కడా గడ్డిపోచ లేని చెరువు గర్భాలు.

నన్ను హనుమకొండకు తీసుకుపోయిన రిక్షావాడు నా ధోవతి కట్టు చూచి ఏ ప్రాంతంవాడినో పసిగట్టాడు. మావైపు వానలు పడ్డాయా అని అడిగాడు. వానలు లేకున్నా కాలువలున్నాయని చెప్పాను. అతడు వెనుదిరిగి చూడకుండానే, "గన్ని నీళ్లున్నప్పుడు జరంత మూటగట్టుకొని రాకపోతివా పంతులూ" అన్నాడు. ఆ మాటలో నవ్వెంతో నిష్ఠూరమెంతో నాకు తెలియలేదు. దిగేటప్పుడు మాత్రం నా పెట్టెను తానే అరుగు మీదికి చేర్చి, కూలి మా బెజవాడలో ఇచ్చేదానికంటె తక్కువే పుచ్చుకొన్నాడు.

బెల్లం కొట్టు

నాకు ఆతిథ్యమిచ్చిన రాజేశం గారు బెల్లం, ధాన్యం వర్తకులు. కొన్నేండ్ల క్రితం కాశీలో ఒకే సత్రంలో దిగినప్పుడు ఏర్పడిన స్నేహం. ముందు కొట్టు, వెనుక గోదాము, ఆ వెనుక ఇల్లు. ఇంటిలో అడుగు పెట్టిన క్షణం నుండి బయటికి వచ్చేదాకా బెల్లం వాసన మనిషిని విడువదు.

మా ఇళ్ళలో అతిథికి కాళ్ళు కడుగుకొన్న తరువాత మజ్జిగ ఇస్తారు. ఇక్కడ వేడి చాయ ఇస్తారు, అదీ ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. భోజనంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన నువ్వుల పొడి. పచ్చిపులుసంటే పొయ్యి మీదికి ఎక్కని చారు. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, పచ్చిమిరప నలిపి వేస్తారు. ఆ వేడికి అంతకంటె తగిన ఆహారం మరొకటి లేదని రెండవ పూటకు ఒప్పుకొన్నాను.

వడ్డన మధ్యలో ఇల్లాలు అనసూయమ్మగారు తన కష్టం చెప్పుకొన్నారు. చీమల పుట్టల దగ్గర చక్కెర చల్లే వంశం తమది. కూతురు శోభ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదువుతూ కప్పలు పెంచుతున్నది. ఆ కప్పలకు మేతగా గోదాములోని బొద్దింకలను పట్టి తీసుకుపోతున్నది. లోపల బెల్లపు పాకం పూసి, అంచుకు నూనె రాసిన కుండను బస్తాల నడుమ పెడుతుంది. దిగిన పురుగు మళ్ళీ ఎక్కిరాలేదు. తెల్లవారి ఆ కుండ మూతి గుడ్డతో కట్టుకొని బస్సెక్కుతుంది. సాయంత్రం స్నానం చేసి గాని వంటింటి గడప దాటకూడదని తల్లి పెట్టిన నియమానికి కూతురు అభ్యంతరం చెప్పలేదు, గాని కుండను మానలేదు.

రాజేశం గారికి ఇందులో బాధ ఉన్నట్లు కనిపించలేదు. "గోదాంల పురుగు తక్కువైంది. మందు కొట్టించే పని తప్పింది. మీ అమ్మకేమో పాపం గనిపిస్తాంది, నాకేమో లాభం గనిపిస్తాంది" అని, ఆ మాట కూతురితో అన్నట్లుగా నాతో అన్నారు. శోభ తల వంచుకొని నవ్వుతూ, మరునాడు తనతో వచ్చి చూడమని నన్ను ఆహ్వానించింది. నా ధోవతి మీద కప్ప దూకదని హామీ కూడ ఇచ్చింది.

తొట్ల దగ్గర

విశ్వవిద్యాలయంలో వారి శాఖ వెనుక రేకుల పాక ఒకటి, దాని పక్కన ఆరుబయట సిమెంటు తొట్లు. శోభతోపాటు ఆ పని చూచేవాడు రవీందర్ అనే సహాధ్యాయి, సన్నగా పొడుగ్గా ఉండి మాటకు ముందు నవ్వే మనిషి. సెలవులైనా ఇద్దరూ వంతులవారీగా కాపలా ఉంటారు.

కప్పలను పెంచడంలో ఇంత తంటా ఉన్నదని నేనెరుగను. నల్లా నీళ్ళలో మందు వాసన ఉంటుంది గనుక పీపాలలో పట్టి ఎండలో ఉంచి, ఆ వాసన పోయిన తరువాత తొట్లలో పోస్తారు. పెద్దవాటిని, చిన్నవాటిని ఒకచోట ఉంచరాదు. పెద్దవి చిన్నవాటిని మ్రింగివేస్తాయి. మొదటి ఏడు ఆ సంగతి తెలియక ఒకే తొట్టిలో వేసి, తెల్లవారి చూస్తే సంఖ్య తగ్గి, మిగిలినవి లావెక్కి ఉన్నాయట. పైగా కదలనిదానిని కప్ప తినదు. బొద్దింకలు చాలని రోజున రవీందర్ మాంసపు ముక్కను దారానికి కట్టి కప్ప కన్నుల ఎదుట అటూ ఇటూ ఊపుతాడు. నేనున్నప్పుడు అట్లా ఊపుతూ, "మా అమ్మ నాకింత గోముగ తినిపియ్యలె సార్" అన్నాడు.

ఇంత శ్రమ దేనికని అడిగాను. మావైపు పొలాలలో గ్యాసు దీపాలు పట్టుకొని కప్పలను వేటాడి, కాళ్ళు కోసి, మంచులో పెట్టి ఓడలకెక్కించడం నేను చూచిన విషయమే. ఇక్కడా ఆ వేటగాండ్రు వస్తున్నారట. ఆ ఎగుమతిని ఆపవలెనా వద్దా అని పత్రికలలో వాదులాట నడుస్తున్న రోజులవి. వాదం ఎట్లా తేలినా, పొలాల నుండి పోయినవాటిని తిరిగి పొలాలలోకి తేగల మార్గమొకటి ఉండవలెనని శోభ పట్టుదల. బంధనంలో ఉన్న కప్ప చేత గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచి, ధర్మసాగర్ చెరువు అవతలి ఒక ఊరి కుంటలో విడవాలని ఏర్పాటు. ఆ ఊరివారితో మాట్లాడి, వేటగాండ్రను రానీయబోమని మాట కూడ తీసుకొన్నారు.

కప్ప గుడ్లు పెట్టలేదు. అదే చిక్కు. కాళ్ళెఱ్ఱబడే రోగమొకటి వచ్చి ఆడకప్పలు చాలవరకు పోయాయి. గుడ్లతో కడుపు నిండుగా ఉన్నది ఒకటే మిగిలింది. దానిని, ఒక మగదానిని ఆరుబయటి తొట్టిలో వల కప్పి ఉంచారు. అరచేతిలో పట్టనంత పెద్దది, పాచి రంగు వీపు మీద సన్నని పసుపు గీత. మరొక కప్ప తలలోని గ్రంథి రసం తీసి సూదితో దీనికెక్కించారట. ఫలితం లేదు. మళ్ళీ ఎక్కించడానికి మళ్ళీ ఒక కప్పను చంపాలి; శోభ చేయనన్నది. మగది మాత్రం గొంతుకు ఇరువైపులా నీలి బుడగలు ఉబ్బించి, స్వరం తప్పని వటువులాగ తన పాఠం తాను వల్లిస్తూనే ఉన్నది.

వారి ఆచార్యుడు మంచివాడే, కాని తొట్లు కొన్నే ఉన్నవి. నెలాఖరు దాకా చూచి చేపల మీద పరిశోధించేవారికి ఇచ్చివేస్తానని చెప్పాడు. ఇది చెప్పేటప్పుడు శోభ గొంతులో ఫిర్యాదు లేదు. "ఇది గుడ్లు పెడితేనే నా పని ఉంటది తాతగారూ. లేకుంటే ఇదంత కప్పలకు తిండి పెట్టిన ముచ్చటనే" అన్నది.

అడగవచ్చినవారు

మరునాడు నేను కోట చూచి, మధ్యాహ్నం శోభ కోసం పాక దగ్గరకు వచ్చేసరికి అక్కడ కొందరు స్త్రీలు వేపచెట్టు నీడలో కూర్చుండి ఉన్నారు. ధర్మసాగర్ అవతలి ఊరినుండి వచ్చారు, నాట్లకు కూలికి పోయేవారు. వారిలో పెద్దది ఎల్లవ్వ. ముంజేతుల నిండ పచ్చబొట్లు, నోటిలో పొగాకు.

వారికి కప్ప కావాలి. వాన రానప్పుడు కప్పతల్లి ఆడడం ఆ ప్రాంతపు ఆచారం. కప్పను గుడ్డలో కట్టి, రోకలికి వ్రేలాడగట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ త్రిప్పుతారు. ప్రతి గడపలోను ఇల్లాలు బిందెడు నీళ్ళు దానిమీద కుమ్మరించి, దోసెడు గింజలు పెడుతుంది. మావైపు ఇటువంటిది ఉన్నట్లు నేనెరుగను. మేము బ్రాహ్మణులను పిలిచి వరుణజపం చేయిస్తాము, ఖర్చెక్కువ. ఈ ఏడు ఆ ఊరివారు పొలాలన్నీ వెదకినా కప్ప దొరకలేదట. ఉన్నవి గ్యాసు దీపాలవాళ్ళ పాలయ్యాయి. కప్పలు ఇస్తామని చెప్పిపోయిన చదువుకొన్న పిల్ల అప్పుడు వారికి గుర్తుకువచ్చింది.

తానిస్తానన్నది కుంటలో విడిచే పిల్లలనని శోభ నచ్చజెప్పబోయింది. వారు శాంతంగా విన్నారు. విని, ఇప్పుడొకటి ఇస్తే మిగిలినవి తరువాత ఇవ్వవచ్చునన్నారు. రవీందర్ ఒక చిన్న మగకప్పను పట్టి తెచ్చాడు. ఎల్లవ్వ దానిని ఎగాదిగా చూచి, "తల్లిని అడుగవస్తిమి బిడ్డా. గీ తండ్రి ఏం జేస్తడు? ఆన్ని ఇంట్లనే ఉండనియ్యి" అన్నది. మిగిలినవారు కొంగులు నోటికడ్డం పెట్టుకొన్నారు.

ఎల్లవ్వ చూపు అప్పటికే వల కప్పిన తొట్టి మీద ఉన్నది.

శోభ చూపూ అటే పోయింది. ఆ ఆడకప్పకు ఏమైనా అయితే పని ముగిసినట్లే. కాదంటే ఆ కుంట మీద ఆశ వదులుకోవలసినదే. అప్పుడు గుడ్లు పెట్టి మాత్రం ప్రయోజనమేమి? రవీందర్ వద్దని కనుసైగ చేశాడు. ఎల్లవ్వ పొగాకు ఉమ్మి వచ్చి, తొట్టిలోని నీళ్ళు చేతితో కదిపి, "గివి మా చెర్ల నీళ్లే గద. మా చెర్ల నీళ్లు నల్లాలల్ల మీకు వస్తాన్నయి, మాకు రాకచ్చె. ఒక్క కప్పకు గింత ఆలోచన జేస్తాన్నవా బిడ్డా" అన్నది. కోపంతో అన్నమాట కాదు, ఉన్నమాట.

శోభ ఒప్పుకొన్నది. షరతులు పెట్టింది. గుడ్డలో కట్టరాదు, తడి గోనె పరచిన గంపలో ఉంచి ఆ గంపను రోకలికి వ్రేలాడదీయాలి. పసుపు కుంకాలు తగలరాదు. కప్ప చర్మంతో గాలి పీలుస్తుంది. బావినీళ్ళు తప్ప మరొకటి పోయరాదు. గంప వెంట తానుంటుంది. స్త్రీలు ఒక్కొక్క షరతుకూ తల ఊపారు, పెండ్లి మాటలలో ఆడపిల్లవారి కోరికలకు తల ఊపినట్లు.

ఆ ఊరిలో

మరునాడు ప్రొద్దుటి బస్సులో నేనూ వెంట వెళ్ళాను. చెరువు కట్ట మీదుగా దారి. ఆ కరవులోనూ చెరువు నడుమ నీళ్ళు మిలమిలలాడుతున్నాయి; పట్టణానికి పోయే గొట్టాలు ఆ నీటిలోనే మునిగి ఉన్నాయి. కట్టకు అవతలి ఊరి కుంట మాత్రం అడుగు పగిలి, పెంకులు పరచినట్లున్నది.

ఇద్దరు యువతులు రోకలి భుజాలకెత్తుకొన్నారు. నడుమ వేపమండలు చుట్టిన గంప, దానిమీద వల. ముందు డప్పు, వెనుక పాట. శోభ చెప్పులు విడిచి గంప పక్కన నడచింది. బెల్లపు వర్తకుని కూతురు గడప గడపకూ తిరిగి యాచించే ఊరేగింపులో ఉండడం అక్కడివారికి వింతగా తోచలేదు. ఒకావిడ గింజలు తెచ్చి తిన్నగా ఆమె కొంగులోనే పోసింది.

ప్రతి ఇంటి ముందరా బిందె ఎత్తి ధారగా పోశారు. దూరంనుండి, తలమీది ఎత్తునుండి పోయడం అక్కడి పద్ధతి. గంపతోపాటు శోభ కూడ తడిసి ముద్దయింది. ఆడకప్ప కన్నులు మూసి తెరచి, ఒకచోట కుదురుగా కూర్చున్నది. నీళ్ళు మోయడానికి ఎంత దూరం పోయివచ్చారోనని నాకు తోచింది గాని, పోసేటప్పుడు ఎవరూ చేతిని వెనుకకు లాగలేదు.

అపశ్రుతి ఊరి చివర జరిగింది. ఒక ముసలమ్మకు చూపు ఆనదు. షరతుల సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. దేవతకు వట్టి నీళ్ళు పోయడం అపచారమని ముంతలో పసుపు దండిగా కలిపి ఉంచుకొన్నది. గంప రాగానే శోభ చేయి అడ్డం పెట్టేలోపల పోసివేసింది. కప్ప ఒక్కసారిగా వలకెగిరి తల కొట్టుకొని వెల్లకిలా పడింది. శోభ గంప దింపి, పక్కింటి బిందె లాగికొని కడిగింది, మళ్ళీ కడిగింది. డప్పు ఆగింది. ముసలమ్మ ఏమయిందేమయిందని అందరినీ అడుగుతున్నది, ఎవరూ చెప్పలేదు.

కప్ప చావలేదు. బోర్లా తిరిగి, కాళ్ళు ముడుచుకొని, కన్నులు తెరవకుండా ఉండిపోయింది. మిగిలిన ఇళ్ళు మానుకొని శోభ గంపను ఒడిలో పెట్టుకొని బస్సెక్కింది. ఆమె చెంపల మీద తడి బిందెలదో కాదో నేను పరికించి చూడలేదు.

తెల్లవారి

పాకకు చేరి కప్పను తొట్టిలో వదలినప్పుడు అది అడుగుకు జారి కదలకుండ ఉన్నది. పొట్ట మీద పసుపు చాయ పోలేదు. శోభ ఇంటికి రానన్నది. రవీందర్ కూడ ఉన్నాడు. రాజేశం గారు అన్నం గిన్నెలు కట్టించుకొని తాము పోయి, కూతురి పక్కన కొంతసేపు కూర్చొని వచ్చారు.

మరునాడు నా తిరుగు ప్రయాణం. సెలవు తీసుకొందామని ప్రొద్దుటే తొట్ల దగ్గరకు పోయాను. రవీందర్ నన్ను చూచి నవ్వలేదు, నోటి మీద వేలు పెట్టి రమ్మన్నాడు. నీటిమీద ఒక పొర పరచుకొని ఉన్నది. పలుచని జిగటలో నల్ల ఆవగింజలు చల్లినట్లు. ఆడకప్ప ఒక మూల తల పైకెత్తి ఊపిరి తీస్తున్నది. మగది పాఠం మానింది.

శోభ తొట్టి అంచున మోకరిల్లి ఉన్నది. ఆ గుడ్లను లెక్కించడానికి ఉపాయం చెప్పమని నన్నడిగింది. ప్రబంధాలలో దానికి ఉపాయం లేదని చెప్పాను.

ఆచార్యుడు వచ్చి చూచి, ఏ మందిచ్చావన్నాడు. ఏమీ ఇవ్వలేదు, ఊరంతా త్రిప్పి నీళ్ళు పోశారని శోభ చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని, పైనుండి ధారగా పడిన నీళ్ళను కప్ప వాన అనుకొని ఉండవచ్చును, పూర్వమెక్కించిన మందు ఆలస్యంగా పనిచేసి ఉండవచ్చును, ఒక్కసారి జరిగినదానితో ఏదీ తేలదు, మరొక కప్పతో మళ్ళీ చేసి చూడమన్నాడు. శోభ కూడ అదే అనుకొంటున్నానన్నది. పిల్లలకు కాళ్ళు వచ్చేదాకా తొట్లు తీసుకోనని ఆయన మాట ఇచ్చి వెళ్ళాడు.

నాకు ఇందులో అభిప్రాయం లేదు. ఊరివారు వాన కోసం పోసిన నీళ్ళకు వాన రాలేదు, గుడ్లు వచ్చాయి. అంతమాత్రం చూచాను.

తాటికమ్మలు

ఎండ ఎక్కిన తరువాత ఎల్లవ్వ, మరి నలుగురు స్త్రీలు వచ్చారు. పిల్ల ఏడ్చుకొంటూ పోయిందని ఊరిలో అందరికీ మనసు బాగులేదట; పసుపు పోసిన ముసలమ్మ అన్నం ముట్టలేదట. కప్పతల్లి ఎట్లున్నదో చూచి రమ్మని ఆమే పంపింది. శోభ వారిని తొట్టి దగ్గరకు తీసుకుపోయి చూపింది. ఎల్లవ్వ వంగి చాలసేపు చూచింది.

"మేం మొక్కితె నీకు గలిగింది" అన్నది. అసూయ లేకుండా అన్నది గాని, నవ్వి అనలేదు.

పిల్లలెదిగిన తరువాత ఎక్కడ విడుస్తావని అడిగితే, మీ కుంటలోనని శోభ చెప్పింది. కుంటలో నీళ్ళేవని వారడుగలేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. నాకు స్పష్టంగా కనిపించినదేమంటే, నిన్నటిదాకా వాన వారి అవసరం. ఇప్పుడది శోభది కూడ.

ఒక యువతి, మళ్ళీ ఒక్కసారి తల్లిని ఇస్తే మిగిలిన ఇళ్ళు కూడ త్రిప్పుదామన్నది. శోభ బదులు చెప్పకముందే ఎల్లవ్వ ఆమెను గదమాయించింది: "బాలెంతను బయటికి తీస్తరానె?" ఆ మాటతో ఆ ప్రసంగం ముగిసింది. బాలింతకు ఏం పెడుతున్నావని మాత్రం ఆరా తీశారు. బొద్దింకలని వినగానే ఒకావిడ నవ్వాపుకోలేక దూరం పోయి కూర్చున్నది.

అప్పుడు రవీందర్ ఒక సందేహం తెచ్చాడు. తొట్టి ఆరుబయట ఉన్నది. మరునాటికి పిల్లలు బయటపడతాయి. వడ్లగింజ కంటె చిన్నవి. పెద్ద వాన కురిసి తొట్టి పొర్లితే వలలో నుండి జారి అన్నీ కొట్టుకుపోతాయి. శోభ ఆకాశం వైపు చూచింది. ఉతికి ఆరవేసిన గుడ్డలాగ ఉన్నది. ఈ మాట అందరికంటె ముందు ఎల్లవ్వకు పట్టింది. అటు పక్క తాటిచెట్లున్నాయి గదా అన్నది. రవీందర్ పోయి గీత కార్మికుణ్ణి బతిమాలి కమ్మలు కొట్టించి తెచ్చాడు. గుంజలు పాతడం, వాసాలు కట్టడం ఆ స్త్రీలకు నిత్యకృత్యం. వాన కోసం మొక్కినవారే వాన పడకుండ పందిరి వేయడానికి కొంగులు బిగించారు. శోభ కమ్మలందిస్తున్నది. ఎండకు ఆ కమ్మలు అప్పుడే వడలి వాసన వేస్తున్నాయి.

నాకు బండి వేళయింది. సెలవు తీసుకొంటే శోభ రెండు చేతులూ కమ్మలతో నిండి ఉండి తల మాత్రం వంచింది. ఎల్లవ్వ వాసం మీద ఒక కాలు, గుంజకు ఒక కాలు తన్నిపెట్టి నారతో ముడి వేస్తున్నది. క్రింద ఉన్న యువతి, గట్టిగానే కట్టాను చాలదా అని అడిగింది.

"చాలది. ఇంక దగ్గరగ పేర్చు" అన్నది ఎల్లవ్వ. "వాన జోరుగ కొడ్తది."

ఆకాశం వైపు చూడకుండానే అన్నది.